చెవి మాట, చేతి మాట

ఈరోజు షార్ట్‌వేవ్ రేడియో గురించి మాట్లాడుకుందాం. సంతలో దొరికే చిన్న సెట్టు గురించి కాదు. వేలకు వేలు పోసి కొనే పెద్ద సెట్టు గురించి. అలాంటిది కొనాలనుకున్నవాళ్లు ముందు ఏం చేస్తారు? ఇదివరకే కొన్నవాళ్లను అడుగుతారు. "అన్నా, అది ఎట్లుంది? బాగా పలుకుతుందా?" అంటారు. అడగాల్సిందే. అంగట్లో అమ్మేవాళ్లకు తెలియనిది, పదేళ్లు వాడినవాళ్లకు తెలుస్తుంది. అయితే వాళ్లిచ్చే జవాబును మనం ఎట్లా వినాలి? నేను ఈరోజు చెప్పేది దాని గురించే.

మన పక్క ఈ మాట ఎందుకొచ్చిందంటే, రామకుప్పం, కుప్పం, పుంగనూరు, మదనపల్లె, ఈ ఊళ్లన్నిట్లో షార్ట్‌వేవ్ వింటూ పెరిగిన తరం ఇంకా ఉంది. కొలంబో మనకెంత దూరం? గీత గీసినట్టు పోతే ఏడువందల కిలోమీటర్లకు కాస్త తక్కువ. మధ్యలో సముద్రం. అక్కడ రేడియో సిలోనులో మీనాక్షి పొన్నుదురై గారు తెలుగులో పలకరిస్తే, ఇక్కడ అరుగుల మీద కూర్చుని విన్నాం. బుధవారం వచ్చిందంటే బినాకా గీత్‌మాలా, అమీన్ సయానీ గొంతు. హైదరాబాదు కేంద్రం 4800 కిలోహెర్ట్జ్ మీద పలికేది. ఆ తరంవాళ్లు ఇప్పుడు ఉద్యోగాలు ముగించి ఇంటిపట్టున ఉన్నారు. పిల్లలు బెంగళూరులోనో, అమెరికాలోనో ఉన్నారు. "నాయనా, నీకు మంచి రేడియో ఒకటి పంపిస్తాం. ఏది కావాలో చెప్పు" అంటున్నారు. ఏది కావాలి? అక్కడే చిక్కొస్తుంది. ఒకరు ఒకటి ఆకాశానికెత్తుతారు. ఇంకొకరు అదే సెట్టును అటక మీద పడేశామంటారు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు.

ఇద్దరూ నిజమే ఎట్లా చెబుతారు? వినండి.

సెట్టు కొన్నవాళ్లు చెప్పే మాటలు రెండు రకాలు. ఒకటి చెవి మాట. రెండోది చేతి మాట. చెవి మాట అంటే, ఎంత బాగా వినపడుతుందో చెప్పేది. "దేశాలన్నీ దొరుకుతున్నాయి." "గరగర లేనే లేదు." "పక్క గదిలో మాట్లాడినట్టుంది." ఇవన్నీ చెవి మాటలు. చేతి మాట అంటే, వాడేటప్పుడు చేతికి తెలిసేది. "నాబు తిప్పితే కుదురుగా ఆగుతుంది." "బటన్లు మరీ చిన్నవి." "ఈ సెల్లు మన ఊళ్లో దొరకదు." ఇవి చేతి మాటలు.

నేను చెప్పేది ఒక్కటే. చేతి మాట ఏ ఊరి నుంచి వచ్చినా మనకు పనికొస్తుంది. చెవి మాటను మాత్రం, అది ఏ ఊళ్లో పుట్టిందో అడగకుండా నమ్మకండి.

సేద్యం చేసేవాళ్లకు ఇది కొత్త కాదు. అయిదు హెచ్‌పీ మోటారు ఒకరి బోరులో రెండించుల నీళ్లు పోస్తుంది. అదే కంపెనీ మోటారు గట్టు అవతల వెయ్యి అడుగుల బోరులో దించితే, అరగంటకే గాలి కొడుతుంది. మోటారు బాగుందా లేదా అని అడిగేముందు, కింద నీళ్లున్నాయా అని మనం అడుగుతాం కదా. రేడియో దగ్గర కూడా ఆ ప్రశ్నే అడగాలి. ఎక్కడ కూర్చుని విన్నారు? ఏ తీగతో విన్నారు? ఏ సంవత్సరంలో విన్నారు?

ముందు ఊరి సంగతి చూద్దాం. షార్ట్‌వేవ్ అంటే 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా ఉండే తరంగాలు. ఇవి పైకి పోతాయి. వందకు పైగా కిలోమీటర్ల ఎత్తులో అయనోస్ఫియరు అనే పొర ఉంది. సూర్యుడి కిరణాలకు అక్కడి గాలి విద్యుత్తు నింపుకుని ఉంటుంది. తరంగాలు ఆ పొరకు తగిలి, వంగి, మళ్లీ కిందికి వస్తాయి. దూరదేశాల గొంతులు మన ఊరి మీద పడేది ఇట్లాగే. పగలు ఒక బ్యాండు, రాత్రి ఒక బ్యాండు. పగటిపూట 19 మీటర్లు, 16 మీటర్లు బాగుంటాయి. పొద్దు గూకాక 41, 49 మీటర్లు లేస్తాయి.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. ఆ గొంతుతో పాటు గరగర కూడా వస్తుంది. ఉరుముల గరగర, కరెంటు తీగల గరగర, ఇంట్లో సామాన్ల గరగర. షార్ట్‌వేవ్‌లో, అందులోనూ కింది బ్యాండ్లలో, బయటి నుంచి వచ్చే ఈ గరగరే ఎక్కువ. సెట్టు తనంతట తాను చేసే శబ్దం దాని ముందు చాలా తక్కువ. కాబట్టి ఓ మోస్తరు సెట్టుకు కూడా సన్నని గొంతును పట్టే శక్తి సరిపోను ఉంటుంది. లక్ష పెట్టి కొన్న సెట్టు ఆ గొంతును గరగర లోంచి పైకి లాగలేదు. గొంతు గరగరలో మునిగిపోయిందంటే, చిన్న సెట్టుకూ మునిగిందే, పెద్ద సెట్టుకూ మునిగిందే.

మళ్లీ చెబుతున్నాను. ఖరీదు పెరిగితే స్టేషన్లు పెరగవు. మరి ఆ డబ్బు దేనికి? పక్కపక్కనే ఉన్న రెండు స్టేషన్లను విడదీయడానికి. బలమైన స్టేషను పక్కనున్న సన్నదాన్ని నలిపేయకుండా చూడడానికి. పెట్టినచోట పెట్టినట్టు జారకుండా నిలబడడానికి. గంటల తరబడి విన్నా చెవికి అలుపు రాకుండా ఉండడానికి. ఇవి చిన్న విషయాలు కావు. రోజూ వినేవాళ్లకు వీటి విలువ తెలుసు. నేను ఖరీదైన సెట్టు వద్దని చెప్పడం లేదు. దేనికి డబ్బు పెడుతున్నామో తెలుసుకుని పెట్టమంటున్నాను.

ఇక పేరున్న సెట్ల దగ్గరికి వద్దాం. వాటి యజమానులు ఏమంటారో చూద్దాం.

సోనీ ఐసీఎఫ్-2010 అని ఒకటి ఉంది. కొన్ని దేశాల్లో దాన్నే 2001డీ అన్నారు. 1985 ప్రాంతంలో వచ్చింది. చేత్తో పట్టుకుని పోగలిగిన సెట్లలో ఇంత పేరు తెచ్చుకున్నవి అరుదు. దాని యజమానుల చేతి మాట ఏమిటి? స్టేషన్లు గుర్తుపెట్టుకోవడానికి 32 బటన్లు, ఒక్కో స్టేషనుకు ఒక్కోటి. ఒక్క నొక్కుతో స్టేషను వస్తుంది. మూడు పెద్ద సెల్లు కావాలి. లోపలి గడియారానికి, జ్ఞాపకానికి విడిగా రెండు చిన్న సెల్లు కావాలి. ఆ చిన్నవాటిని మరిచిపోతే పెద్దవి కొత్తవైనా ఇబ్బందే. బయట పొడుగు తీగ తగిలించి వదిలేస్తే, గాలిలోని స్థిర విద్యుత్తుకు ముందు భాగంలోని ట్రాన్సిస్టరు పోతుంది. చూడండి, ఇవన్నీ జపాను సెట్టు గురించి అమెరికావాళ్లు చెప్పిన మాటలే అయినా, రామకుప్పంలో అక్షరాలా నిజాలే. సెల్లు ఇక్కడైనా సెల్లే. మెరుపు ఇక్కడైనా మెరుపే.

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో డ్రేక్ అనే కంపెనీ ఉండేది. 1991లో ఆర్8 అనే సెట్టు తెచ్చింది. బల్ల మీద పెట్టుకునే సెట్టు. అందులో వడపోతలు అయిదు. 6 కిలోహెర్ట్జ్ నుంచి అర కిలోహెర్ట్జ్ దాకా. పక్క స్టేషను దూరితే ఇరుకు వడపోత పెట్టుకోవచ్చు. ఎవరూ అడ్డు రాకపోతే వెడల్పు పెట్టుకుని పాట హాయిగా వినొచ్చు. యజమానులు దీన్ని ఇప్పటికీ మెచ్చుకుంటారు. బటన్ల అమరిక మాత్రం చిరాకు అన్నారు. ఆ తర్వాత వచ్చిన ఆర్8ఏలో కంపెనీ దాన్ని సవరించింది. యజమానుల చేతి మాట కంపెనీ దాకా పోయిందన్నమాట.

ఇంగ్లండులో జాన్ థోర్ప్ అనే ఇంజనీరు రూపొందించిన ఏఓఆర్ 7030 ఇంకొకటి. 1996లో వచ్చింది. బలమైన స్టేషన్ల మధ్య సన్నదాన్ని కాపాడడంలో దానికి గొప్ప పేరు. కానీ ముందు పలక మీద బటన్లు కొన్నే. ఏది మార్చాలన్నా తెర మీద ఒక వరుసలోంచి ఇంకో వరుసలోకి పోవాలి. కొందరు యజమానులు వారంలో అలవాటుపడ్డారు. కొందరు ఏళ్లు గడిచినా అలవాటుపడలేదు. డెబ్బై ఏళ్ల పెద్దాయనకు ఆ సెట్టు పంపించాలనుకునే కొడుకు ముందుగా వినాల్సిన మాట అది. అదెంత గొప్ప సెట్టన్నది ఆ తర్వాతి సంగతి.

కొత్తవాటిలో చైనా కంపెనీ టెక్సన్ 2013లో తెచ్చిన పీఎల్-880 ఉంది. స్పీకరు గొంతు బాగుందని దాదాపు అందరూ అంటారు. మళ్లీ మళ్లీ ఛార్జి పెట్టుకునే లిథియం సెల్లు. ధర, పైన చెప్పినవాటితో పోలిస్తే, అందుబాటులో ఉంటుంది. మన ఇళ్లలో చాలామందికి అది చాలు.

ఇంకో మాట. డ్రేకు, పాత సోనీ, ఇవన్నీ ఇప్పుడు పాతసెట్లుగానే దొరుకుతాయి. కాబట్టి కొన్నవాళ్లను ఒకటి తప్పకుండా అడగండి. పాడైతే ఎవరు బాగుచేశారు? విడిభాగం ఎక్కడ దొరికింది? ఇదీ చేతి మాటే. మర్ఫీ, బుష్ సెట్లు విప్పి బాగుచేసిన మెకానిక్కులు మన పట్టణాల్లో ఇప్పుడు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు.

ఇప్పుడు చెవి మాట. ఇందులో కాలం ఎట్లా కలిసిపోతుందో చూడండి. సూర్యుడి మీద మచ్చలు సుమారు పదకొండేళ్లకోసారి పెరిగి తగ్గుతుంటాయి. మచ్చలు ఎక్కువున్నప్పుడు అయనోస్ఫియరు గట్టిపడుతుంది. 13 మీటర్లు, 16 మీటర్ల మీద దూరదేశాలు దూసుకొస్తాయి. తక్కువున్నప్పుడు ఆ బ్యాండ్లు పడుకుంటాయి. 2019 డిసెంబరులో మచ్చలు బాగా అడుగంటాయి. 2024లో మళ్లీ పైకెక్కాయి. ఒకాయన 2019లో సెట్టు కొని "పై బ్యాండ్లలో ఏమీ లేదు" అంటాడు. ఇంకొకాయన 2024లో అదే సెట్టు కొని "ప్రపంచమంతా ఉంది" అంటాడు. సెట్టు మారలేదు. సూర్యుడు మారాడు.

స్టేషన్లూ తగ్గాయి. ఇది నాకు బాధ కలిగించే సంగతి. 1984 అక్టోబరు 31న ఇందిరా గాంధీ మీద కాల్పులు జరిగినప్పుడు, రాజీవ్ గాంధీ పశ్చిమ బెంగాల్ పర్యటనలో ఉన్నారు. ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఆయన కూడా బీబీసీనే విన్నారు. అలాంటి బీబీసీ హిందీ ప్రసారాలు 2020 జనవరి 31తో షార్ట్‌వేవ్ మీద ఆగిపోయాయి. రేడియో ఆస్ట్రేలియా అంతకు మూడేళ్ల ముందే, 2017 జనవరి 31న ఆగిపోయింది. కాబట్టి 1995లో ఎవరో "ఈ సెట్టులో నూరు స్టేషన్లు విన్నా" అని చెప్పి ఉంటే, ఆ నూరింట్లో ఎన్ని ఈరోజు గాలిలో ఉన్నాయో చూసుకోవాలి. అప్పట్లో 'పాస్‌పోర్ట్ టు వరల్డ్ బ్యాండ్ రేడియో' అని ఏటేటా ఒక పుస్తకం వచ్చేది. సెట్లకు మార్కులు వేసేది. 2009తో అదీ ఆగిపోయింది. ఆ మార్కులు ఆనాటి ఆకాశానికి వేసిన మార్కులు కూడా.

ఇక మన ప్రాంతానికే ఉన్న ఒక విశేషం చెబుతాను. భూమి అయస్కాంత మధ్యరేఖ దక్షిణ భారతం మీదుగా పోతుంది. కేరళలో తుంబాను రాకెట్లకు ఎంచుకున్నది ఆ కారణంతోనే. ఆ రేఖకు దగ్గరలో ఉన్నవాళ్లకు పొద్దు గూకాక ఒక చిక్కుంటుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఎక్కువ. పైనున్న పొర పొరలా ఉండదు. బుడగలు లేచి చెదిరిపోతుంది. అప్పుడు రేడియోలో గొంతు గడగడా వణుకుతుంది. మన పాకాల దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి 53 మెగాహెర్ట్జ్ రాడారుతో శాస్త్రవేత్తలు ఈ చెదిరే పొరనే పరిశీలించారు. అంటే, మన సాయంత్రపు రేడియో ఎందుకు వణుకుతుందో తెలుసుకునే పని మన పక్కనే జరిగింది.

దీనికీ సెట్టు కొనడానికీ సంబంధం ఏమిటి? ఉంది. ఖరీదైన సెట్లలో సింక్రనస్ డిటెక్టరు అని ఒక ఏర్పాటుంటుంది. దూరం నుంచి వచ్చే గొంతు అలలు అలలుగా పడుతూ లేస్తూ, మధ్యలో ఒక్కసారిగా బొంగురుపోతుంది కదా? ఆ బొంగురును ఇది సరిచేస్తుంది. సోనీ 2010కి పేరు తెచ్చిన వాటిలో ఇదొకటి. ఐరోపా, అమెరికాల్లో వినేవాళ్లు దీన్ని ఎంత మెచ్చుకున్నా తప్పులేదు. అక్కడ చాలాసార్లు గొంతు మెల్లగా లేస్తుంది, మెల్లగా పడుతుంది. మనకు మార్చి నెల సాయంత్రం వణికినట్టు గడగడా వణికితే, ఆ ఏర్పాటు పట్టు జారిపోవచ్చు. జారినప్పుడల్లా కీచుమంటుంది. కాబట్టి ఆ ఏర్పాటు కోసమే ఎక్కువ డబ్బు పెట్టేముందు, దక్షిణాదిలో వాడినవాళ్లను అడగండి. మద్రాసువాళ్లు, బెంగళూరువాళ్లు, కొలంబోవాళ్లు చెప్పే చెవి మాట మనకు దగ్గరది.

చెవి మాటలన్నీ వదిలేయమని కాదు. స్పీకరు గొంతు ఎట్లుందో చెప్పే మాట నమ్మొచ్చు. అది ఇంట్లోదే. 5 కిలోహెర్ట్జ్ దూరంలో ఉన్న రెండు స్టేషన్లను విడదీసిందా అని అడిగితే, ఆ జవాబూ నమ్మొచ్చు. అది వడపోత పని. మన తెలుగువాళ్లలో ఇట్లాంటివి అడగడానికి హైదరాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతి ప్రసాద్ గారి బృందం అండమాన్‌లో ఉంది. 26న సునామీ వచ్చి ఫోన్లు తెగిపోయినప్పుడు, పోర్ట్ బ్లెయిర్ నుంచి కబుర్లు పంపింది వాళ్ల షార్ట్‌వేవ్ సెట్లే. కరెంటు లేనిచోట సెట్టు ఎట్లా నిలబడుతుందో అనుభవంలో చూసినవాళ్లు వాళ్లు.

ఇప్పుడు డబ్బు ఖర్చు లేని పని ఒకటి చెబుతాను. కొత్త సెట్టు ఆర్డరు పెట్టేముందు ఇది చేయండి. ఇంట్లో ఉన్న చిన్న రేడియోలో సెల్లు వేయండి. రాత్రి ఎనిమిదికి 41 మీటర్ల దగ్గర పెట్టండి. గరగర వినండి. ఇప్పుడు ఇంటి మెయిన్ స్విచ్, ఇన్వర్టరు ఉంటే అదీ ఆపండి. మళ్లీ వినండి. గరగర సగానికి సగం తగ్గితే, తప్పు రేడియోది కాదు. ఇంటిది. తర్వాత మెయిన్ వేసి, ఒక్కొక్క సామానే ఆపుతూ రండి. ఎల్‌ఈడీ బల్బు. ఫోను ఛార్జరు. ఇన్వర్టరు. సెట్ టాప్ బాక్సు. ఏదో ఒకటి ఆపినప్పుడు రేడియో ఊపిరి పీల్చుకుంటుంది. దొంగ దొరికినట్టే. మంచి కంపెనీ బల్బు ఒకటి మార్చితే, వేల రూపాయల సెట్టు చేయలేని పని అది చేస్తుంది.

ఈ పరీక్షకు మనకు ఒక సౌకర్యం ఉంది. కరెంటు పోయినప్పుడు ఊరంతా ఒకేసారి ఆగుతుంది. విసుక్కోకుండా ఆ అయిదు నిమిషాలు రేడియో పెట్టండి. మీ ఊరి ఆకాశం అసలు ఎంత శుభ్రంగా ఉందో అప్పుడు తెలుస్తుంది. బెంగళూరు అపార్టుమెంటులో ఎంత పెట్టి కొన్నా దొరకని నిశ్శబ్దం అది.

ననియాల వైపు, అడవి అంచు ఊళ్లలో ఉన్నవాళ్లకు ఇంకో సంగతి. ఏనుగుల కోసం సోలారు కంచెలు వేసుకున్నారు కదా. రేడియోలో సెకనుకొకసారి టక్కు, టక్కు అని వినిపిస్తే అది కంచె నుంచి కావచ్చు. కంచె బాగుంటే ఆ చప్పుడు అంతగా రాదు. గట్టిగా వస్తోందంటే ఎక్కడో తీగకు గడ్డి తగులుతోంది, లేదా ఇన్సులేటరు పగిలింది. రేడియో పట్టుకుని కంచె వెంబడి నడవండి. చప్పుడు పెరిగినచోట చూడండి. ముట్టుకోకండి. కంచె ఆపిన తర్వాతే గడ్డి కోయండి. కంచె గట్టిపడుతుంది, రేడియో శుభ్రపడుతుంది.

తర్వాత తీగ. మామూలు వైరింగు రాగి తీగ, పది మీటర్లు చాలు. మిద్దె మీది నుంచి టెంకాయ చెట్టుకో, కానుగ చెట్టుకో కట్టండి. చెట్టు గాలికి ఊగుతుంది, అందుకని కాస్త వదులుగా కట్టండి. చివర్లలో నైలాను తాడు వాడండి. చేతి సెట్లకు ముప్పై, నలభై మీటర్ల తీగ కట్టకండి. ఎక్కువ తీగ తగిలిస్తే బలమైన స్టేషన్లు ఉండకూడని చోట కూడా పలికి, గందరగోళం చేస్తాయి. పొడుగు తీగను తట్టుకోవడం పెద్ద సెట్ల గొప్పతనాల్లో ఒకటి. పెద్ద సెట్టు యజమాని "నూరడుగుల తీగతో అద్భుతం" అంటే, ఆ మాట చిన్న సెట్టుకు చెల్లదు.

కరెంటు తీగల మీదుగా గానీ, కింద గానీ, పక్కన గానీ తీగ లాగకండి. తెగి పడితే ప్రాణం మీదికొస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మన పక్క ఉరుముల వానలు సాయంత్రాలే వస్తాయి. మబ్బు కమ్మితే చాలు, తీగను సెట్టు నుంచి ఊడదీసి, ఆ కొసను ఇంటి బయట వదలండి. ఉరుము వినపడేదాకా ఆగకండి; అప్పటికే ఉరుముతుంటే తీగను ముట్టుకోకండి. పడుకునేముందు రోజూ ఊడదీయండి. వేలు పోసి కొన్న సెట్లు పోవడానికి యజమానులు చెప్పే కారణాల్లో ఇదొకటి. వినేటప్పుడు తగిలించుకోవడం, లేచేటప్పుడు ఊడదీయడం. అంతే పని.